చలికాలం నిలిపిన కారు: ఒక మరమ్మతు విద్య చరిత్ర

బ్రిటన్‌లోనూ ఉత్తర ఐరోపా దేశాల్లోనూ పాత కార్లను నవంబరులో షెడ్డుకు చేర్చి, మంచు కరిగి రోడ్లు ఆరాక మార్చి చివరనో ఏప్రిల్‌లోనో తిరిగి బయటికి తీయడం తరతరాలుగా వస్తున్న ఆచారం. నాలుగైదు నెలల ఈ విశ్రాంతిలో ఇంజను అరగదు, గేర్లు అరగవు, బ్రేకులకు పని ఉండదు. అయినా వసంతంలో తాళంచెవి తిప్పిన తొలి ఉదయాన మొరాయించే భాగాల్లో చాలా వరకు విద్యుత్తుకు సంబంధించినవే అయి ఉంటాయి. వాడకపోవడం వల్లనే పాడయ్యే ఈ వ్యవస్థ ఎలా రూపుదిద్దుకుంది, దాని లోపాలను వరుస తప్పకుండా వెతికే విద్య ఏ పరిస్థితుల్లో కుదురుకుంది అన్న ప్రశ్నలకు సమాధానం మోటారు వాహన చరిత్రలోనే దొరుకుతుంది. నిలిపిన కారులో యంత్రాల కన్నా ముందు అతుకులు చెడతాయన్నది ఆ చరిత్ర నేర్పే ప్రధాన పాఠం.

బ్యాటరీ లేని కాలం

మోటారు వాహనపు తొలి దశాబ్దాల్లో చలికాలపు విశ్రాంతికి కారణాలు వేరు. ఆనాటి కార్లలో అధిక భాగానికి పైకప్పు ఉండేది కాదు, ఉన్నా అది మడిచే గుడ్డ కప్పు మాత్రమే, రేడియేటరులో గడ్డకట్టని ద్రవం పోసే అలవాటు ఇంకా స్థిరపడలేదు గనుక రాత్రి చలికి నీరు గడ్డకట్టి వ్యాకోచిస్తే ఇంజను దిమ్మ పగిలిపోయేది, రోడ్లు బురదమయమయ్యేవి. అందుచేత యజమానులు నీరు పూర్తిగా వంపేసి, టైర్లపై భారం పడకుండా బండిని చెక్క దిమ్మలపైకి ఎత్తి, వసంతం దాకా అలాగే ఉంచేవారు. తర్వాతి కాలంలో వాహనపు పన్నును మూడు నెలల లెక్కన చెల్లించే వెసులుబాటు కూడా ఈ పద్ధతికి తోడ్పడింది, ఎందుకంటే రోడ్డెక్కని నెలలకు పన్ను కట్టవలసిన అవసరం ఉండేది కాదు.

అప్పటి కారులో విద్యుత్తు పాత్ర చాలా చిన్నది. దీపాలు కార్బైడ్‌పై నీటి చుక్కలు పడితే పుట్టే ఎసిటిలీన్ వాయువుతో వెలిగేవి. ఇంజనును ముందువైపు పిడి తిప్పి నడిపించేవారు. సిలిండరులోని పెట్రోలు ఆవిరిని అంటించే నిప్పురవ్వకు మాత్రమే కరెంటు కావలసి వచ్చేది. ఆ రవ్వను ఇచ్చినది మాగ్నెటో, అంటే శాశ్వత అయస్కాంతాన్నీ తీగచుట్టనూ ఆధారం చేసుకుని, బ్యాటరీతో నిమిత్తం లేకుండా ఇంజను తిరుగుడుతోనే కరెంటు పుట్టించే చిన్న యంత్రం. స్టుట్‌గార్ట్‌లో రాబర్ట్ బాష్ 1887లో ఒకే చోట స్థిరంగా నిలిపి నడిపే ఇంజన్ల కోసం మాగ్నెటోను తయారు చేసి, 1897లో దానిని మూడు చక్రాల మోటారు బండికి అమర్చగా, ఆయన సంస్థలోని గాట్‌లోబ్ హోనోల్డ్ 1902లో స్పార్క్ ప్లగ్గుతో పనిచేసే అధిక వోల్టేజి మాగ్నెటోను సిద్ధం చేశాడు. తేమ పట్టకుండా చూసుకుంటే చాలు, చలికాలమంతా నిలిచిన మాగ్నెటో కారు వసంతంలో పిడి తిప్పగానే లేచేది, ఎందుకంటే అందులో వాడకుండా ఉంటే ఖాళీ అయిపోయేదేదీ లేదు.

ఆ కాలపు కార్లు నేటికీ రోడ్డుపై కనిపించే సందర్భం లండన్ నుంచి బ్రైటన్‌కు సాగే వార్షిక యాత్ర. మోటారు వాహనాలపై ఉన్న కఠిన ఆంక్షలను సడలించిన చట్టాన్ని స్వాగతిస్తూ 1896 నవంబరు 14న జరిగిన ప్రయాణాన్ని 1927లో తిరిగి జరిపినప్పటి నుంచి అది ఆనవాయితీగా మారింది. 1905కు ముందు తయారైన వాహనాలు పాల్గొనే ఈ యాత్ర నవంబరు మొదటి ఆదివారం జరుగుతుంది గనుక, పాత కార్ల ఏడాదికి అది ముగింపు పండుగ వంటిది. ఆ తర్వాత షెడ్డు తలుపులు మూసుకుంటాయి.

బ్యాటరీ తెచ్చిన కొత్త బాధ్యత

బ్యాటరీ అవసరం లేని ఆ పరిస్థితిని మార్చినది అమెరికాలోని డేటన్ నగరం. అక్కడ చార్లెస్ కెటరింగ్, ఎడ్వర్డ్ డీడ్స్ 1909లో స్థాపించిన డేటన్ ఇంజనీరింగ్ లేబొరేటరీస్ కంపెనీ మొదట బ్యాటరీతో పనిచేసే ఇగ్నిషన్‌నూ, అంటే నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటునూ, ఆ తర్వాత 1912 నమూనా కాడిలాక్ కారు కోసం విద్యుత్ స్టార్టరునూ అందించింది. స్టార్టరు, దీపాలు, ఇగ్నిషన్ మూడూ ఒకే బ్యాటరీపై ఆధారపడటం, ఆ బ్యాటరీని ఇంజను తిప్పే డైనమో నింపడం అన్న ఏర్పాటు అక్కడి నుంచే ప్రపంచమంతటా వ్యాపించింది. ఆ కంపెనీ పేరులోని తొలి అక్షరాలతో ఏర్పడిన డెల్కో అనే మాట స్పానిష్ భాషలో డిస్ట్రిబ్యూటర్‌కు, అంటే నిప్పురవ్వను ఒక్కొక్క సిలిండరుకు వంతులవారీగా పంచే భాగానికి, మామూలు పేరుగా స్థిరపడింది. భారతీయ మెకానిక్కులు కూడా ఆ భాగాన్ని డెల్కో అనే పిలుస్తారు.

సీసపు బ్యాటరీ అప్పటికే పాతది. ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే 1859లో దానిని కనుగొనగా, 1881లో కమీయ్ ఫోర్ సీసపు సమ్మేళనాన్ని ముద్దగా పలకలకు పట్టించే పద్ధతితో దానిని పరిశ్రమకు పనికొచ్చేలా చేశాడు. గంధకామ్ల ద్రావణంలో మునిగి ఉండే ఈ పలకలు కరెంటు ఇచ్చేటప్పుడు రెండు వైపులా సీసపు సల్ఫేటుగా మారతాయి, నింపేటప్పుడు మళ్లీ పూర్వస్థితికి వస్తాయి. ఏ దీపమూ వెలగకపోయినా బ్యాటరీ తనలో తాను మెల్లగా ఖాళీ అవుతూనే ఉంటుంది. అలా ఖాళీగా వదిలేస్తే పలకలపై సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకుని, ఆ తర్వాత ఎంత నింపినా కరగదు. దీనినే సల్ఫేషన్ అంటారు. చలి దేశాల్లో మరొక ప్రమాదం ఉంది: నిండిన బ్యాటరీలో ద్రావణపు సాపేక్ష సాంద్రత, అంటే నీటితో పోల్చిన బరువు, 1.28 వరకు ఉంటుంది గనుక అది సున్నాకు 60 డిగ్రీల సెల్సియస్ దిగువన కూడా గడ్డకట్టదు. అదే సాంద్రత 1.10కి పడిపోతే సున్నాకు 8 డిగ్రీల దిగువనే గడ్డకట్టి పెట్టె పగులుతుంది. ఖాళీ బ్యాటరీని చలికి వదిలేయడమంటే దానిని పోగొట్టుకోవడమేనన్న సూత్రానికి ఆధారం ఈ రెండు అంకెలే.

అందువల్ల శీతకాలపు విశ్రాంతికి ముందు బ్యాటరీని కారు నుంచి విప్పి, పూర్తిగా నింపి, నెలకొకసారైనా తిరిగి నింపించడం తప్పనిసరి పని అయింది. పలకల మధ్య అడ్డుగా ఉండే పల్చని చెక్క ముక్కలు ఎండితే పగిలి పలకలు ఒకదానికొకటి తగిలే ప్రమాదం ఉండేది గనుక ద్రావణాన్ని తీసేసి పొడిగా ఉంచడం కూడా సులభం కాదు. ఈ అవసరమే చలికాలంలో బ్యాటరీలను సంరక్షించే దుకాణాలకు పని కల్పించింది. హైడ్రోమీటరు, అంటే ద్రావణాన్ని గాజు గొట్టంలోకి పీల్చి తేలే కొలబద్దతో సాంద్రత తెలిపే పరికరం, వారి తొలి నిర్ధారణ సాధనం.

డైనమోను అదుపు చేయడం అంతకన్నా కష్టమైంది. 1920ల నాటి డైనమోలకు మూడో బ్రష్ ఉండేది. తిరిగే భాగం నుంచి కరెంటును తీసుకునే రెండు కార్బన్ దిమ్మలకు తోడు ఈ మూడోది అయస్కాంత తీగచుట్టకు అందే కరెంటును నియంత్రించేది. బ్యాటరీ నిండిందో లేదో గుర్తించే శక్తి దానికి లేదు గనుక, కొన్ని బ్రిటిష్ కార్ల స్విచ్చుకు వేసవి, శీతకాలం అని రెండు స్థానాలు పెట్టి, ఎప్పుడు ఎంత నింపాలన్న నిర్ణయాన్ని యజమానికే వదిలేశారు. 1930ల మధ్య నుంచి వోల్టేజిని బట్టి తానే సర్దుకునే నియంత్రణ పెట్టె వచ్చాక ఆ భారం తప్పింది గాని, దానికి బదులుగా సన్నని లోహపు కొనలు గల మరికొన్ని అతుకులు వ్యవస్థలో చేరాయి.

యుద్ధకాలపు సుదీర్ఘ విశ్రాంతి

కార్లను నిలిపి ఉంచే విద్యను దేశమంతటికీ అవసరం చేసినది రెండో ప్రపంచ యుద్ధం. 1939 సెప్టెంబరులో బ్రిటన్‌లో పెట్రోలు రేషన్ మొదలై, 1942 జూలైలో సొంత అవసరాలకు ఇచ్చే మూల కోటా పూర్తిగా రద్దయింది. 1945 జూన్‌లో అది తిరిగి వచ్చే వరకు అసంఖ్యాకమైన కార్లు షెడ్డుల్లోనే ఉండిపోయాయి. అంతకుముందే, 1940లో శత్రు దళాలు దిగవచ్చునన్న భయంతో, ఎవరూ కనిపెట్టి ఉండని వాహనాలను నడపడానికి వీల్లేకుండా చేయాలన్న ఆదేశం రావడంతో, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి లోపలి రోటర్ ఆర్మ్‌ను, అంటే రవ్వను వంతులవారీగా పంచుతూ తిరిగే చిన్న ముక్కను, జేబులో వేసుకుని వెళ్లడం చాలామందికి అలవాటైంది. ఇంజను నడవకుండా ఆపడానికి అన్నిటికన్నా చిన్న భాగం ఏదో సామాన్య యజమానికి ఆ విధంగా తెలిసివచ్చింది.

ఒక చలికాలానికి ఉద్దేశించిన జాగ్రత్తలు మూడు చలికాలాలకు సాగినప్పుడు ఏమవుతుందో 1945 వేసవి చూపింది. ఆ కాలపు తీగలకు రబ్బరు తొడుగు, దానిపై నూలు అల్లిక ఉండేవి. రబ్బరు ఎండి చిట్లితే, తేమ పట్టిన నూలు గుండా కరెంటు కారేది. మూల కోటా 1947 చివర మరొకసారి రద్దయి, 1948 వేసవి దాకా రాకపోవడం, రేషన్ పూర్తిగా ముగియడానికి 1950 మే వరకు పట్టడం వల్ల, కార్లను నిలిపి తిరిగి లేపే అనుభవం ఒక తరానికంతటికీ అబ్బింది.

లూకాస్ వ్యవస్థ: అతుకుల పటం

యుద్ధానంతర బ్రిటిష్ కారు విద్యుత్తు అంటే ప్రధానంగా బర్మింగ్‌హాంకు చెందిన లూకాస్ సంస్థ తయారీయే. 1834లో పుట్టిన జోసెఫ్ లూకాస్ వీధుల్లో కిరోసిన్ అమ్మి, ఆ తర్వాత ఓడల దీపాలు, సైకిలు దీపాలు తయారు చేసి స్థిరపడ్డాడు. ఆయన 1902లో మరణించాక ఆయన వారసులు 1914లో మాగ్నెటో తయారీలోకి ప్రవేశించారు. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల జర్మన్ మాగ్నెటోలు ఆగిపోయిన ఆ సమయం వారికి కలిసివచ్చింది. ఈ రంగంలో ఆ సంస్థ ఆధిక్యం ఎంతగా పెరిగిందంటే, 1963లో బ్రిటిష్ గుత్తాధిపత్య కమిషన్ వాహనాల విద్యుత్ పరికరాల సరఫరాపై ప్రత్యేకంగా నివేదిక ఇవ్వవలసి వచ్చింది.

ఒకే సంస్థ అధిక భాగం సరఫరా చేయడం వల్ల మరమ్మతుదారులకు ఒక మేలు కూడా జరిగింది: తీగల రంగులు దాదాపు అన్ని బ్రిటిష్ కార్లలోనూ ఒకే అర్థం చెప్పేవి. గోధుమ రంగు తీగ బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా నేరుగా వస్తుంది. తెల్లనిదానిలో ఇగ్నిషన్ తాళం తిప్పాక మాత్రమే కరెంటు ఉంటుంది. ఆకుపచ్చనిది ఆ తెల్ల తీగకే ఫ్యూజు తర్వాతి కొనసాగింపు. ఊదా రంగుది ఫ్యూజు దాటి ఎప్పుడూ కరెంటు ఉండేది. నీలం పెద్ద దీపాలకు, ఎరుపు వెనుక దీపాలకు, నలుపు ఎర్త్‌కు. ఈ వరుస తెలిసినవారికి కారు వైరింగ్ చదవదగిన పుస్తకమవుతుంది.

ఎర్త్ అంటే ప్రతి పరికరం నుంచి బ్యాటరీకి కరెంటు తిరిగి వెళ్లే దారి. కారులో ఆ దారి ఇనుప శరీరమే. 1930ల మధ్య నుంచి బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ధన ధ్రువాన్ని శరీరానికి కలిపేవారు. ట్రాన్సిస్టర్లు, ఆల్టర్నేటర్లు వచ్చాక 1960ల చివరికి ఋణ ధ్రువానికి మారారు. ఎంజీబీ కారులో ఈ మార్పు 1967లో జరిగింది. విశ్రాంతి తర్వాత ఈ తేడా తెలియకుండా బ్యాటరీని తిరగేసి బిగిస్తే ఆల్టర్నేటరులోని డయోడ్లు, అంటే కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగాలు, క్షణాల్లో కాలిపోతాయి.

శరీరమే దారి కావడం వల్ల తుప్పు పట్టిన ప్రతి చోటా ఆ దారి తెగుతుంది. ఇంజను రబ్బరు దిమ్మలపై కూర్చుంటుంది గనుక దానిని చట్రానికి కలిపే అల్లిక తీగపట్టీ ఒక్కటే స్టార్టరు కరెంటుకు తిరుగుదారి. ఆ పట్టీ బోల్టు కింద తుప్పు చేరితే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. చోక్ తీగ, యాక్సిలరేటర్ తీగ వంటి సన్నని లోహపు కేబుళ్ల గుండా ప్రవహించి వాటిని చేయి పెట్టలేనంతగా వేడెక్కిస్తుంది. స్టార్టరు 200 ఆంపియర్లు లాగే వేళ ఒక అతుకులో ఓమ్‌లో నూరో వంతు నిరోధం ఉన్నా 2 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. కంటికి బిగుతుగా కనిపించే అతుకు కూడా బ్యాటరీ బలాన్ని తినేయగలదని ఈ లెక్క చెబుతుంది. దీపాల తీగలను కలిపే తూటా ఆకారపు కొనలు, వాటిని పట్టి ఉంచే రేకు గొట్టాలు కూడా ఇదే జాతివి. తేమకు వాటిపై ఆకుపచ్చ పొర పట్టి, ఒక వైపు సూచిక దీపం మసకగా వెలగడం, లేదా బ్రేకు నొక్కితే పక్క దీపం మినుకుమనడం వంటి వింత లక్షణాలు కనిపిస్తాయి.

1950ల కార్లలో విస్తృతంగా కనిపించిన ఆర్‌బి 106 నియంత్రణ పెట్టెలో రెండు విద్యుదయస్కాంతాలు ఉంటాయి. ఒకటి కటౌట్, డైనమో వోల్టేజి సుమారు 13కు చేరినప్పుడు దానిని బ్యాటరీకి కలిపి, ఇంజను నెమ్మదించినప్పుడు విడదీస్తుంది. రెండోది వోల్టేజిని అదుపు చేస్తుంది. డాష్‌బోర్డుపై ఎర్ర దీపం ఒక కొన బ్యాటరీ వైపు, మరొక కొన డైనమో వైపు కలిసి ఉంటుంది గనుక రెండు వైపులా వోల్టేజి సమానమైతే ఆరిపోతుంది. ఆరకపోతే డైనమో పనిచేయడం లేదని అర్థం. చలికాలమంతా కదలని డైనమోలో బ్రష్‌లు తమ గూళ్లలో అతుక్కుపోవచ్చు, లేదా ఇనుములో మిగిలి ఉండవలసిన స్వల్ప అయస్కాంతశక్తి క్షీణించి యంత్రానికి కరెంటు పుట్టించే ఆధారమే లేకపోవచ్చు. అప్పుడు ఎఫ్ అనే కొనకు మామూలు తీగ విప్పి, బ్యాటరీ నుంచి వచ్చిన తీగను ఒక్క క్షణం తాకిస్తే ఆ శక్తి తిరిగి వస్తుంది.

పెట్రోలు పంపు కథ ఇంకా విశేషమైనది. ఎస్‌యు సంస్థ విద్యుత్ పంపులో ఒక తీగచుట్ట పెట్రోలును నెట్టే పల్చని పొరను లాగగానే లోపలి కొనలు విడిపోయి కరెంటు ఆగుతుంది, స్ప్రింగు పొరను వెనక్కి నెట్టగానే అవి మళ్లీ కలుస్తాయి. తాళం తిప్పగానే వినిపించే టిక్ టిక్ శబ్దం ఈ పనిదే. నెలల తరబడి కదలకపోతే ఆ కొనలపై పల్చని ఆక్సైడ్ పొర కట్టి శబ్దం వినిపించదు. పంపు ఒంటిపై స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టినప్పుడు ఆ ఆక్సైడ్ చెదిరి టిక్ టిక్ మొదలవడం పాత మెకానిక్కులందరికీ తెలిసిన సంగతి. అయితే ఆ తట్టు తాత్కాలిక ఉపశమనమే, కొనలను విప్పి శుభ్రం చేయడమే అసలు మరమ్మతు. డిస్ట్రిబ్యూటర్‌లోని టంగ్‌స్టన్ పాయింట్లకూ, అంటే రవ్వ కోసం కరెంటును కలిపి విడదీసే కొనలకూ, ఇదే గతి పడుతుంది. వాటిపై పట్టిన పొర తుడిచి, మధ్య ఎడాన్ని అంగుళంలో వెయ్యో వంతులు 14 నుంచి 16కు, అంటే మిల్లీమీటరులో 0.35 నుంచి 0.40కి సరిచేస్తే, రవ్వ మళ్లీ నీలంగా పడుతుంది.

వెతికే వరుస

ఈ అనుభవాలన్నిటి నుంచి స్థిరపడిన పద్ధతికి ఒక క్రమం ఉంది. మొదట బ్యాటరీ: విశ్రాంతిలో ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపి, స్టార్టరు తిరిగేటప్పుడు ఆ అంకె కుప్పకూలకుండా నిలవాలి. తర్వాత బ్యాటరీ కొనలు, ఎర్త్ పట్టీ. వాటిని విప్పి మెరిసేలా రుద్ది, గ్రీజు రాసి బిగించాలి. ఆ తర్వాత ఫ్యూజులు. చాలా కార్లలో పనిచేసేవి రెండే, పెద్ద దీపాలకైతే ఫ్యూజే ఉండదు, గనుక ఎలుకలు కొరికిన తీగ చట్రాన్ని తాకితే మంట రేగే అవకాశం ఉంటుంది. ఆ పిమ్మట ఇగ్నిషన్, పంపు, చివరికి డైనమో. ప్రతి మెట్టులోనూ కరెంటు ఉన్నదా అని చూడటం చాలదు, కరెంటు భారం పడినప్పుడు ఎంత వోల్టేజి ఎక్కడ పోతున్నదో కొలవాలి. మూల నుంచి కొసకు వెళ్లే ఈ క్రమం పాటించినవారు ఒక్క భాగం కొనకుండానే కారును లేపగలిగారు. క్రమం తప్పినవారు డైనమో మార్చి, స్టార్టరు మార్చి, చివరికి తుప్పు పట్టిన ఒక బోల్టు దగ్గరకు వచ్చారు.

కార్ల ప్రియులు లూకాస్‌కు చీకటి రాజు అని పెట్టిన పేరును ఈ వెలుగులో చూడాలి. పరికరాల్లో లోపాలు లేకపోలేదు; కానీ పదేళ్ల ఆయుర్దాయం ఊహించి చేసిన అతుకులు యాభై అరవై ఏళ్ల తర్వాత కూడా తడి షెడ్డుల్లో పనిచేయాలని ఆశించి, అవి విఫలమైనప్పుడు తయారీదారును నిందించడం న్యాయం కాదు.

తెలుగు నాట ఆ వారసత్వం

ఈ విద్యకు తెలుగు నేలతో నిజమైన బంధం ఉంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారే 1950ల చివర హిందుస్థాన్ అంబాసిడర్‌గా రూపొంది 2014 వరకు బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో తయారైంది. 1961లో మద్రాసు శివారు పాడిలో మొదలైన లూకాస్ టీవీఎస్ అదే బ్రిటిష్ సంప్రదాయంలో విద్యుత్ భాగాలను ఇక్కడే తయారు చేసింది. సెల్ఫ్, డైనమో, కటౌట్, పాయింట్లు, డెల్కో అంటూ తెలుగు ఆటో ఎలక్ట్రీషియన్లు వాడే మాటలు ఆ చరిత్ర నుంచి వచ్చినవే. మంచు కురవని ఈ ప్రాంతంలో కార్లను చలికాలంలో నిలపనక్కరలేదు గాని, కోస్తా ఉప్పు గాలిలోనూ వానాకాలపు తేమలోనూ నెలల తరబడి కదలని పాత అంబాసిడర్‌కు వచ్చే జబ్బులు బర్మింగ్‌హాం షెడ్డులో నిలిచిన కారుకు వచ్చేవే, వాటికి చికిత్సా అదే.

బాడీకి రంగు వేసి, తోలు కుట్టించి, నికెల్ మెరిపించి కారును కాపాడామనుకునేవారు దాని వైరింగ్ పటాన్నీ, మరమ్మతు పుస్తకాన్నీ, ఆ పటం చదవగల వృద్ధ ఎలక్ట్రీషియన్ అనుభవాన్నీ కూడా అంతే శ్రద్ధగా భద్రపరచాలి. ఆ మనిషి తన పరీక్షా దీపంతో ఏ వరుసలో వెతుకుతాడో ఒక పుస్తకంలో రాసిపెట్టడం నేడే చేయదగిన పని. లోహాన్ని తిరిగి పోత పోయవచ్చు, రబ్బరును కొత్తగా చేయించవచ్చు. వెతికే వరుస మరచిపోతే దానిని తిరిగి తెచ్చే దుకాణం ఎక్కడా లేదు.